ఆరని ఎర్ర చుక్క

పాడైన వస్తువును పాడైందని చెప్పడానికి నాకెప్పుడూ మొహమాటం లేదు. గుత్తి బస్టాండు పక్కన ఇరవై రెండేళ్ళుగా రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తున్నాను. బాగుకానిదాన్ని చేతికిచ్చి "ఇది పోయింది, పారెయ్" అనేస్తాను. అందుకే నాకు గిరాకీ తక్కువ, నోటి దురుసు మనిషినని పేరు ఎక్కువ. ఈ ఒక్క సంగతిలో మాత్రం నా తప్పేమీ లేదని ఊరంతా అంటోంది. మా ఆవిడ ఉమాదేవి కూడా అదే అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఓబులేష్ ఎందుకు చచ్చిపోయాడో నాకు తెలుసు. ఆ చావును తీసుకుపోయి వాడి భార్య సుంకమ్మ నెత్తిన పెట్టబోతుంటే, అడ్డుపడదామని పోయాను. ఏం జరిగిందో చెబుతాను.

అది 2003 ఎండాకాలం. వాన మొహం చాటేసి మూడేళ్ళయింది. ఆ రోజుల్లో తాళంచెవుల గుత్తికి వేలాడదీసుకునే లేజర్ లైట్లు ఎక్కడ చూసినా ఉండేవి. రైల్లో అమ్మేవాళ్ళు, జాతరలో అమ్మేవాళ్ళు, నేనూ అమ్మేవాణ్ణి. చిటికెన వేలంత గొట్టం, లోపల మూడు బటన్ సెల్లు, పక్కన ఒక మీట. మీట నొక్కి పట్టుకుంటే ఎదురుగోడ మీద ఎర్ర చుక్క పడుతుంది. సినిమా హాల్లో తెర మీద వేసి తన్నులు తినడానికి తప్ప అది ఇంకెందుకూ పనికిరాదని నా అభిప్రాయం.

మే నెల మొదట్లో ఒక పొద్దున ఈరప్ప వచ్చి అలాంటి లైటు ఒకటి నా బల్ల మీద విసిరికొట్టాడు.

"ఏమప్పా లక్ష్మీపతీ, ఇదేమి సరుకు ఇచ్చినావు? అరగంట కూడా బతకలేదు."

ఈరప్ప బావులు తవ్వే మేస్త్రీ. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఆయన, తమ్ముడు ఓబులేష్, తమ్ముడి భార్య సుంకమ్మ, ముగ్గురూ కలిసి పనికి పోతారు, ఒకే ఇంట్లో ఉంటారు. వారం కింద ఈ లైటు నా దగ్గరే కొన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ముసలాయనకు ఈ పిల్లచేష్టలేమిటా అనుకున్నాను, అంతే.

ఇప్పుడు అడిగితే చెప్పాడు. గుత్తికి ఆరు మైళ్ళ దూరంలో గోవిందప్ప చీనీ తోట ఉంది. మూడు వందల బత్తాయి చెట్లు, పన్నెండేళ్ళు కన్నబిడ్డల మాదిరి సాకినవి, కళ్ళముందే ఆకులు ముడుచుకుపోతున్నాయి. బావి అడుగంటింది. నాలుగు బోర్లు వేస్తే నాలుగింట్లోనూ దుమ్మే వచ్చింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచి నీళ్ళు చూపించే ఆయన్ను పిలిపిస్తే, బావికి ఉత్తరంగా డెబ్బై అడుగుల దూరంలో టెంకాయ నిలువుగా లేచి నిలబడిందట. నీటిపాయ మరీ లోతున లేదు, బావి అడుగు మట్టంలోనే పక్కగా జారిపోతోంది అని ఈరప్ప తేల్చాడు. అందుకని బావి అడుగు నుంచి ఆ చోటికి, మనిషి దేకుతూ పోయేంత సొరంగం తవ్వుతున్నారు. మొదటి సొరంగం దారం కట్టుకుని తవ్వితే, మట్టిగంప తగిలి దారం జరిగి, ఎడమకు వంకరపోయింది. నెల పని గంగపాలు. లేజర్ వెలుగు వంకరపోదని ఎవరో చెబితే విని, ఎదురుగోడకు మట్టితో లైటును అతికించి, మీట మీద దారం చుట్టి వదిలేశాడు.

"దారం చుట్టి వదిలేసినావా?" అన్నాను.

"మరి? మాటిమాటికి చెయ్యి తగిలితే చుక్క కదులుతాది గదా."

"ఇది టార్చి కాదన్నా. లోపల ఆవగింజలో సగం కూడా లేని పలుకు ఒకటి ఉండాది. వెలుగుతాంటే అది కాగుతాది. ఆ వేడి బయటికి పోయేదానికి దోవ లేదు. పైన గొట్టం నీ చేతికి గోరువెచ్చగా తగిలేసరికే లోపల పలుకు ఉడికిపోయింటాది."

పొట్లం మీద ముప్పై సెకన్లకు మించి నొక్కి పట్టవద్దని ఇంగ్లీషులో రాసి ఉంది. చదివి చెబితే ఈరప్ప నా మొహం కేసి చూశాడు. ముప్పై సెకన్లలో గడ్డపార ఎత్తి దించడం తప్ప ఏం పనవుతుంది? నాకు ఇట్లాంటి లెక్కలంటే సరదా. ఆయన్ను కూర్చోబెట్టి ఇంకో లైటు తీసి, గడియారం ముందు పెట్టుకుని నొక్కాను. రేకుల కింద కాగిపోతున్న నా అంగడిలో నాలుగో నిమిషానికే చుక్క అంచులు చెదిరి మసకబారింది. చల్లారాక, తడిగుడ్డ చుట్టిన కుండ పక్కన పెట్టి మళ్ళీ చూశాను. ఎనిమిది నిమిషాలు నిలిచింది.

"బావి అడుగున చల్లగా ఉంటాది కాబట్టి ఎనిమిది నిమిషాలు. మళ్ళా చెంపకు ఆనించి చూసుకోండి. చల్లగా తగిలేదాకా నొక్కొద్దు. పావుగంటైనా పడుతాది. తొమ్మిదో నిమిషం నొక్కితే మాత్రం నా అంగడి మెట్లెక్కొద్దు" అన్నాను. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాని చేతిగడియారం ఒకటి ఉంటే అది కూడా ఇచ్చి పంపాను.

నా లెక్క వాళ్ళకు ఎట్లా పనికొస్తోందో చూద్దామని ఆ ఆదివారం తోటకు పోయాను. డెబ్బై అడుగుల బావి. మెట్లు దిగేకొద్దీ పైనున్న ఎండ ఎవరి సొత్తో అనిపించింది. అడుగున దక్షిణపు గోడకు ఆనుకుని సుంకమ్మ కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయేమో. గోడకు మెత్తిన మట్టిలో లైటు పట్టేంత గాడి చేసి పెట్టారు. అందులో లైటు పెట్టి మీట నొక్కడం, గడియారం చూడడం ఆమె పని. ఎదురుగా ఉత్తరపు గోడలో మొల ఎత్తున సొరంగం నోరు. దాని పక్కన ఈరప్ప, లోపలి నుంచి తాడుతో మట్టిగంపలు లాగడానికి.

ఓబులేష్ నన్ను చూసి నవ్వాడు. ముప్పై ఏళ్ళ మనిషి, ఎముకలకు చర్మం బిగించినట్టు సన్నగా, గట్టిగా ఉంటాడు.

"రా లక్ష్మీపతన్నా. నీ లైటుకైతే ఎనిమిది నిమిషాలకే అలుపు వస్తాది. నాకు మాత్రం రాకూడదంట!"

వాడు లోపలికి పోయే ముందు సుంకమ్మ చిన్న రేకుదీపంలో ఆముదం పోసి, వత్తి ముట్టించి, కుంకుమ అద్ది చేతికిచ్చింది. కట్టె కొసకు ఆ దీపం తగిలించి ముందుకు తోసుకుంటూ వాడు దేకుతూ పోయాడు. కాసేపటికి లోపలి నుంచి "దారి ఇచ్చింది!" అని కేక వినిపించింది. అప్పుడు దీపం కొండెక్కించి, తలకు కట్టుకున్న టార్చి వేసుకున్నాడు. సుంకమ్మ మీట నొక్కింది. ఎర్ర చుక్క పోయి సొరంగం చివర గోడ మీద నిలబడింది. ఎనిమిదో నిమిషం పడగానే "ఆపుతాండా!" అని అరిచింది. చుక్క లేకుండా ఒక్క పోటు కూడా పొడవకూడదని ఈరప్ప కట్టడి. తిరగడానికి చోటు లేక ఓబులేష్ వెనక్కి దేకుతూ బయటికి వచ్చాడు. నీళ్ళు తాగి బీడీ ముట్టించాడు. లైటు చల్లారాక మళ్ళీ దీపం, మళ్ళీ కుంకుమ, మళ్ళీ లోపలికి. రోజుకు పది పన్నెండు సార్లు ఇదే వరస.

"పోయిన ప్రతిసారీ దీపం ఎందుకు?" అని ఈరప్పను అడిగాను.

"గంగమ్మ ఇంట్లోకి పోతాండాము. అడక్కుండా పోతామా? దీపం నిలిస్తే రమ్మన్నట్టు, కొండెక్కితే వద్దన్నట్టు."

"ఎప్పుడైనా కొండెక్కిందా?"

"నా చేతి మీద రెండు తూర్లు. రెండు తూర్లూ ఆ పొద్దుకు పని నిలిపేసినాము."

నేను పదో తరగతి చదివినవాణ్ణి. మనిషికి ఏ గాలి కావాలో దీపానికీ అదే కావాలని తెలుసు. మనిషి విడిచిన గాలి పోయే దారి లేక మూల పేరుకుంటే ముందు దీపం చస్తుంది, తర్వాత మనిషి. పేరు గంగమ్మదైతేనేం, లెక్క సరిగ్గానే ఉంది అనుకుని ఇంటికొచ్చాను.

రెండు వారాల తర్వాత సుంకమ్మ సెల్లు కొనడానికి ఒంటరిగా వచ్చింది. కొని కూడా పోకుండా నిలబడింది. నా నోటికి జడిసి ఆడవాళ్ళు నా అంగడిలో ఎక్కువసేపు నిలబడరు.

"ఏం కావాల?" అన్నాను.

"అన్నా, ఇది ఆరకుండా పొద్దంతా వెలిగేటట్టు చేసేదానికి అయితాదా?"

"ఏం, నొక్కి నొక్కి వేలు నొప్పి పుడతాందా?"

"నా వేలికేమి. ఆయప్ప మోకాళ్ళు చూడలేకుండా ఉండాను. పది తూర్లు లోపలికి దేకల్ల, పది తూర్లు వెనక్కి దేకల్ల. అంతా కంకర. రెండు మోకాళ్ళూ పుండ్లు పడినాయి. రాత్రికి ఆకుపసరు పెడతా, పొద్దున్నే మళ్ళా తెగిపోతాది. చీము కూడా పట్టింది. ఒక్క తూరి పోయి సగం పొద్దు ఆడనే ఉంటే మానతాయి గదా అని." తల దించుకుని మళ్ళీ అంది. "నేను అడిగినానని మా బావకు చెప్పొద్దన్నా. బావి పనిలో ఆడదానికేం మాట అంటాడు."

అప్పటిదాకా ఇంత మంచి పని నన్ను ఎవరూ అడగలేదు. పాటలు వినడానికి, వార్తలు వినడానికి బాగుచేయించుకున్నవాళ్ళే గాని, మనిషి మోకాళ్ళ కోసం అడిగినవాళ్ళు లేరు. ఆ మాటే ఉమాదేవితో అంటే, "అయితే అన్నం తిని చేయండి" అంది. తినకుండానే చేశాను.

కష్టమేమీ కాదు. పాత యాంప్లిఫయర్ వెనక వేడి లాగడానికి రెక్కల అల్యూమినియం పలక ఒకటి ఉంటుంది. దానికి లైటు మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం వేసి బిగించాను. పలుకు కాగినా ఆ వేడి రెక్కల్లోకి పారి గాలికి పోతుంది. బటన్ సెల్లు పీకేసి మూడు పెన్సిల్ సెల్లు పెట్టాను. వాటికి తోడు ఇంకో చిన్న రెసిస్టరు వేసి కరెంటు కొంచెం తగ్గించాను. చుక్క కాస్త పలచబడింది గాని బావి చీకట్లో అది చాలు. మీట తీసేసి స్విచ్చి పెట్టాను. ఉదయం ఎనిమిదికి వేసి వదిలేశాను. తొమ్మిది, పది, పన్నెండు. చుక్క చెక్కుచెదరలేదు. మధ్యాహ్నం ఉమాదేవి చెంపకు ఆనించాను. "చల్లగానే ఉంది, ఇప్పుడన్నా తినండి" అని నవ్వింది. ఆ రోజు నాకంటే మొనగాడు గుత్తిలో లేడని నేను అనుకున్న మాట నిజం.

మర్నాడు తీసుకుపోయి నేనే గోడకు బిగించాను. ఊరికే తోచి చేశానని ఈరప్పకు చెప్పాను. సుంకమ్మ నా వైపు చూసి చూడనట్టు తల తిప్పుకుంది. ఈరప్ప మాత్రం మొదటిసారి నా భుజం తట్టాడు.

"పది దినాల పని నాలుగు దినాల్లో అయితాదప్పా. గోవిందప్ప చెట్లు బతికినట్టే."

లైటు నొక్కే మనిషి అక్కర్లేదు కాబట్టి, దీపం ముట్టించి ఇచ్చాక సుంకమ్మను పైకి పంపాడు, గట్టున మట్టిగంపలు అందుకోవడానికి. ఓబులేష్ దీపం తోసుకుంటూ లోపలికి పోయాడు. "దారి ఇచ్చింది!" అని కేక వచ్చింది. గంపలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఎనిమిది నిమిషాలైంది, ఇరవై అయింది, గంటైంది. చుక్క ఆరలేదు, ఓబులేష్ బయటికి రాలేదు. నేను రెక్కల పలకను తాకి తాకి చూసుకుంటున్నాను. అప్పుడు నాకు తట్టింది.

"ఈరప్పన్నా, మళ్ళా దీపం పెట్టరా?"

"బయటికి వచ్చి మళ్ళా పోతే పెడతాము. లోపలికి రమ్మన్నాక ఉండొచ్చునా, ఉండొచ్చునా అని అడుగుతాంటే ఏ ఇంటి యజమానికైనా కోపం రాదా? గంగమ్మను అనుమానించినట్టు అయితాది. మా తాతల కాలం నుంచి అంతే."

వాళ్ళ తాతలకు అది చెల్లింది. తాతల కాలంలో గోడకు పెట్టుకున్న బుడ్డిదీపం లోపలే వెలుగుతూ ఉండేది. టార్చి వచ్చాక ఆ బుడ్డి పోయింది. మొన్నటిదాకా నా లైటు ఎనిమిది నిమిషాలకోసారి కాగి, వాణ్ణి బయటికి లాగి, మళ్ళీ దీపం పెట్టించింది. ఇప్పుడు లైటు కాగడం లేదు. ఇదంతా నా బుర్రలో ఒక్కసారిగా ఆడింది. చెప్పాల్సిన మాట నాలుక కొసకు వచ్చింది కూడా. నోటి దురుసు మనిషిని, ఊళ్ళో ఎవర్నీ లెక్కచేయనివాణ్ణి, ఆ ఒక్కరోజు మాత్రం పెద్దమనిషి తరహాగా ఊరుకున్నాను. వాళ్ళ పని వాళ్ళకు తెలియదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, లైటు ఎంతసేపైనా చల్లగా నిలుస్తోందన్న సంబరంలో ఆ మాట మింగేశాను.

పదకొండు రోజులు అంతా బాగానే సాగింది. సొరంగం యాభై అడుగులు దాటింది. చివర మట్టి చెమ్మగిల్లిందని గోవిందప్ప నా అంగడికి వచ్చి మరీ చెప్పి, చేతిలో నాలుగు చీనీకాయలు పెట్టాడు. ఎండి గిడసబారిన కాయలు.

పన్నెండో రోజు పదకొండు గంటలప్పుడు అదే గోవిందప్ప మోటారు సైకిలు ఆపీ ఆపకుండానే అరిచాడు.

"లక్ష్మీపతీ, ఫ్యాను ఏదన్నా ఉంటే పట్టుకురా! ఓబులేషు లోపల పలకడం లేదు. గాలి కొట్టల్ల!"

బాగుచేయడానికి వచ్చిన టేబుల్ ఫ్యాను ఒకటి చంకన పెట్టుకుని ఆయన వెనక ఎక్కాను. మేం పోయేసరికే ఈరప్ప మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని లోపలికి పోయి, తమ్ముణ్ణి కాళ్ళు పట్టి లాక్కొచ్చాడు. ఓబులేష్ బావి అడుగున వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒంటి మీద ఎక్కడా చిన్న గాయం లేదు. సుంకమ్మ వాడి రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి అదుముతూనే ఉంది. ఎవరు చెప్పినా ఆపలేదు.

ఈరప్ప గోడకు చేరగిలబడి, ఎవరూ అడగకుండానే చెబుతున్నాడు. పొద్దున ఎనిమిదిన్నరకు దీపం నిలిచింది. పది దాకా గంపలు వచ్చాయి. తర్వాత తాడు కదల్లేదు. గట్టి రాయి తగిలిందేమో, పొడుస్తున్నాడేమో అనుకున్నాడు. వంగి చూస్తే దూరాన చుక్క కనిపించింది. రోజూ ఓబులేష్ తల అడ్డం వచ్చి చుక్క ఆరుతూ వెలుగుతూ ఉండేది. ఆ రోజు కదలకుండా నిలిచి ఉంది.

"లైటు ఈ పొద్దు ఎంత బాగా నిలిచిందో అనుకున్నా" అన్నాడు.

అనుమానం వచ్చి దీపం తోస్తే సగం దారిలోనే కొండెక్కిందట. నేను ఫ్యాను కింద పెట్టి దక్షిణపు గోడ దగ్గరికి పోయాను. లైటు ఇంకా వెలుగుతోంది. స్విచ్చి ఆపాను. పలక చల్లగా ఉంది. అంత చల్లటి వస్తువును నేను జీవితంలో ముట్టుకోలేదు.

నాలుగో రోజుకే ఊళ్ళో మాట పుట్టింది. దీపం ముట్టించింది సుంకమ్మ చెయ్యి గదా. ఆ పొద్దు తలకు పోసుకోకుండానే ముట్టించిందట. మైలతో ముట్టించిందట. గంగమ్మ ఓర్చుకోలేదట. బిడ్డలు లేని ఆడది, వెనక వేసుకొచ్చే పుట్టింటి బలం లేనిది, అనడానికి అందరికీ అనువుగా దొరికింది. పదో రోజు కర్మలయ్యాక ఆమెను ఆ ఇంట్లో నుంచి పంపించేస్తారని గోవిందప్ప చెప్పాడు.

"నువ్వేమీ అనలేదా?" అని అడిగాను.

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసప్పా. వాళ్ళ ఇంటి సంగతి" అన్నాడు.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. వాన రాకడ నాకు తెలియదు. ఆ ప్రాణం పోకడ మాత్రం నాకు అణా పైసలతో సహా తెలుసు. పదో రోజు అంగడి మూసి వాళ్ళ ఊరికి పోయాను. ఉమాదేవి వద్దంది. "మీరు చెబితే మీ మీదికి వస్తుంది" అంది. రానీ అన్నాను.

ఇంటి ముందు రేకుల నీడలో ఏడెనిమిది మంది పెద్దలు, మధ్యలో ఈరప్ప. పది రోజుల్లో ఆయన పదేళ్ళు ముసలివాడయ్యాడు. గడపకు ఇవతల, ఎండలో, సుంకమ్మ గోడ వైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. చేతులకు గాజులు లేవు. పక్కన ఒక చీరమూట. అప్పటికే పుట్టింటికి పోవాలని చెప్పేసినట్టున్నారు.

నిలబడే మాట్లాడాను. "ఆయమ్మ దీపంలో తప్పు లేదు. ఎనిమిదిన్నరకు దీపం నిలిచిందని నువ్వే చెప్పినావు ఈరప్పన్నా. ఎనిమిదిన్నరకు లోపల గాలి మంచిదే. తొమ్మిదింటికి మళ్ళా దీపం పెట్టింటే నిలిచేదో లేదో. పదింటికైతే కొండెక్కేదే. మీరు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? వాడు బయటికి రాలేదు కాబట్టి. ఎందుకు రాలేదు? నా లైటు ఆరలేదు కాబట్టి. మునుపు ఎనిమిది నిమిషాలకు అది కాగిపోయేది. మీరు విసుక్కున్నారు, నేనూ విసుక్కున్నా. ఆ కాగడమే వాణ్ణి దినానికి పది తూర్లు బయటికి పిలిచింది. దాన్ని కాగకుండా చేసింది నేను. వాడు విడిచిన గాలి వాణ్ణే చంపింది. గంగమ్మా కాదు, ఈయమ్మా కాదు."

ఒక పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఈరప్ప వినడని అనుకున్నాను గాని విన్నాడు. నలభై ఏళ్ళు బావుల్లో బతికిన మనిషి, అర్థం కాకపోవడానికి ఏముంది. తల ఎత్తి ఒక్కటే అడిగాడు.

"ఎవురు చేయమన్నారు నిన్ను?"

ఈ ప్రశ్న వస్తుందని నేను ఆలోచించుకుని రాలేదు. సుంకమ్మ వీపు కదలడం మానేసింది.

"ఎవురూ చేయమన్లేదు. నా తీట" అన్నాను.

"అయితే పాపం నీదే."

"నాదే. నేను కాదంటినా?"

ఈరప్ప కళ్ళు తుడుచుకున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన లోపలి వైపు తిరిగి, "ఆయమ్మను ఎండలో నుంచి లేవమనండి. మూట లోపల పెట్టమనండి" అన్నాడు. వచ్చిన పని అయిందనుకుని చెప్పులు వెతుక్కున్నాను.

సుంకమ్మ లేచింది. మూట తీసుకుని లోపలికి పోలేదు. మొదటిసారి బావకు ఎదురుగా నిలబడింది.

"అన్న అబద్ధం చెప్తాండాడు బావా. అంగడికి పోయి అడిగింది నేను."

"ఊరుకో సుంకమ్మా" అన్నాను.

"ఆయప్ప మోకాళ్ళు చూడలేక అడిగినా. నీకు చెప్పొద్దని కూడా నేనే చెప్పినా." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏదో మరిచిపోయిన పని గుర్తొచ్చి చెబుతున్నట్టు ఉంది. "ఆ పొద్దు కడసారి నీళ్ళు పోసేటప్పుడు చూసినా. రెండు మోకాళ్ళూ మానినాయి. కొత్త చర్మం కూడా వచ్చింది."

ఈరప్ప ఆమెను పొమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు. ఒక పెద్దాయన "కూర్చోమ్మా, కూర్చో" అని కూడా అన్నాడు. ఆమె చీరమూట చంకన పెట్టుకుని రోడ్డు వైపు నడిచింది. నేను నాలుగడుగులు వెంట పోయాను. దీపం తప్పు అనుకుంటూ పోయి ఉంటే కొన్నాళ్ళకు మరిచిపోయేదేమో. చంపింది దీపం కాదు, ఆ ఆరని లైటేనని పదిమందిలో నిలబడి, గట్టిగా, విడమరిచి చెప్పింది నేను.

"రావొద్దన్నా" అంది వెనక్కి చూడకుండా.

ఆ ఊళ్ళో అడిగితే ఇప్పటికీ చెబుతారు, సుంకమ్మను ఆ ఇంట్లో నుంచి ఎవరూ వెళ్ళగొట్టలేదని. అది నిజమే.